పక్క సీట్లో ఒక పటం

అమెరికా వచ్చి కొత్తగా కారు కొన్న తెలుగువాళ్ళు ఎవరు కనపడినా నేనొక ఉచిత సలహా పారేస్తుంటాను. ఉచితం కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అది వేరే సంగతి. సలహా ఏంటంటే, మీరుండే రాష్ట్రం రోడ్డు మ్యాపు ఒకటి, కాగితం మీద అచ్చేసినది, కారులో పడేసుకోండి. పడేసుకుని ఊరుకోకుండా ఒక శనివారం పూట, ఇంటర్‌స్టేట్ ఎక్కకుండా, దాన్నే చూసుకుంటూ ఎక్కడికైనా వెళ్ళి రండి.

"ఏ కాలంలో ఉన్నావు గురూ, ఫోనుందిగా!" అంటారు. ఉంది. నాకూ ఉంది. ఇరవయ్యేళ్ళ పైనుంచి కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి, యంత్రాల మీద నాకేం కక్ష లేదు. పొద్దున్నే ఆఫీసుకెళ్ళేటప్పుడు ఏ రోడ్డు మీద యాక్సిడెంటయ్యిందో, ఎక్కడ ఎంతసేపు ఇరుక్కుంటామో ఫోను చెప్పినట్టు ఏ కాగితమూ చెప్పలేదు. రాత్రిపూట, వానలో, తెలీని ఊళ్ళో ఒంటరిగా బండి నడుపుతున్న మనిషిని మ్యాపు చదువుకోమనడం మూర్ఖత్వం. నేను మాట్లాడేది పెద్ద రోడ్డు దిగిపోయాక సంగతి. కొండల్లో, అడవుల్లో, పొలాల మధ్య, ఫోను మీద సిగ్నలు గీతలు ఒక్కొక్కటే రాలిపోయే దారుల సంగతి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఇది కాగితం గొప్పదనం కాదు. 2001లో నేను ఇల్లినాయ్ రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో దిగేటప్పటికి మేమందరం మ్యాప్‌క్వెస్ట్ భక్తులం. ఎక్కడికెళ్ళాలన్నా ముందురోజు ప్రింటు తీసుకోవడమే. "0.4 మైళ్ళు వెళ్ళి ఎడమకి తిరుగు, 1.2 మైళ్ళు వెళ్ళి కుడికి తిరుగు" అని నాలుగైదు పేజీలు. పక్క సీట్లో రూమ్మేటు కారు లోపలి దీపం వేసుకుని పురోహితుడు మంత్రం చెప్పినట్టు ఒక్కో లైనే చదువుతూ ఉండేవాడు. ఒక్క మలుపు దాటిపోయిందంటే మిగతా పేజీలన్నీ చిత్తుకాగితాలే. ఎందుకంటే అది కాగితమే కానీ పటం కాదు. అంగడికి పంపేటప్పుడు పిల్లాడి చేతికిచ్చే చీటీ లాంటిది. ఇప్పుడు ఫోను చేస్తున్నదీ అదే పని. కాకపోతే మలుపు దాటిపోతే విసుక్కోకుండా ఇంకో చీటీ రాసిస్తుంది. చాలా ఓపికైన గుమాస్తా.

మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాము ఏ లైను దగ్గర ఉందో చూపించడం వేరు, మొత్తం సిస్టమ్ బొమ్మ గోడ మీద ఉండటం వేరు. అంతా సవ్యంగా నడుస్తున్నంతసేపూ ఒక్కో అడుగూ చెప్పేవాడు చాలు. తేడా వచ్చిన రోజున బొమ్మ కావాలి. ఈ మధ్య టీముల్లో కొత్తగా చేరుతున్న కుర్రాళ్ళు ఏఐ చేత కోడు రాయించుకుంటున్నారు, బాగానే నడుస్తోంది. "ఇది ఆగిపోతే ఇంకెటు నుంచి వెళ్ళొచ్చు?" అని అడిగితే మాత్రం మళ్ళీ దాన్నే అడుగుతున్నారు. సరే, అది ఇంకో పెద్ద గోల.

బ్లూమింగ్టన్ చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు తప్ప ఏమీ ఉండదు. అక్కడి పల్లెరోడ్లు చదరంగం బల్ల మీద గీతల్లా ఉంటాయి. మైలుకో రోడ్డు అడ్డంగా, మైలుకో రోడ్డు నిలువుగా. చాలా రోడ్లకి పేర్లు కూడా అంకెలే, మైలుకి వంద చొప్పున పెరుగుతూ పోతాయి. కొత్తలో పిచ్చెక్కినట్టుండేది, ఎటు చూసినా ఒకటేలా ఉంటుందాయె. పెట్రోలు బంకులో రాండ్ మెక్‌నాలీ అట్లాసు ఒకటి కొనుక్కున్నాక ఆ గడుల మర్మం తెలిసింది. 1785లో అమెరికా వాళ్ళు ఒక చట్టం చేసి, ఒహాయో నుంచి పడమరకి ఉన్న నేలంతా ఆరు మైళ్ళ గడులుగా, ఆ గడి లోపల మళ్ళీ మైలు గడులుగా కొలవడం మొదలెట్టారు. ఆ గడుల గట్ల మీదే తర్వాత రోడ్లు పడ్డాయి. అక్కడక్కడ తిన్నగా పోతున్న రోడ్డు కారణం లేకుండా చిన్న వంకర తిరుగుతుంది. అది తాగి వేసింది కాదు. భూమి గుండ్రం కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ గడులు ఇరుకైపోతాయి, వాటిని సరిచెయ్యడానికి పెట్టిన మెలిక. ఫోను ఆ మెలికని "కొంచెం ఎడమకి" అంటుంది. ఎందుకో పటం చూస్తే తెలుస్తుంది.

ఇంటర్‌స్టేట్ నంబర్ల సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సరి సంఖ్య అయితే తూర్పు పడమరలు, బేసి అయితే ఉత్తర దక్షిణాలు. మూడంకెల నంబరులో మొదటి అంకె సరి అయితే సాధారణంగా ఊరి చుట్టూ తిరిగో, పక్కనుంచో మళ్ళీ పెద్ద రోడ్డులో కలుస్తుంది, బేసి అయితే ఊళ్ళోకి పోయి ఆగిపోతుంది. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ బండి నడుపుతున్న మా స్నేహితుడొకడికి ఈ సంగతి ఈ మధ్యే చెప్పాను. "అందుకా!" అని కాసేపు నోరు తెరిచి, "అయినా దీంతో పనేంటి?" అన్నాడు.

పనుంది. ఎక్కడుందో చెప్తాను.

తర్వాత ఉద్యోగం మారి నార్త్ కరొలైనాకి వచ్చాం, రాలీ దగ్గర. ఈ రాష్ట్రంలో ఒక విశేషం ఉంది. 1931లో కౌంటీల చేతుల్లో ఉన్న పల్లెరోడ్లన్నింటినీ రాష్ట్రమే తీసేసుకుంది. అందుకని ఎంత చిన్న రోడ్డుకైనా ఒక నాలుగంకెల ఎస్సార్ నంబరు ఉంటుంది. కూడలి దగ్గర చిన్న బోర్డు మీద రాసుంటుంది, కారులోంచి చూస్తే కనపడీ కనపడనట్టు. రోడ్డు పేర్లు జనం నోట్లో రెండు మూడుంటాయి కానీ ఈ నంబరు ఒక్కటే. రాష్ట్ర రవాణా శాఖ వాళ్ళ పెద్ద మ్యాపు ఉచితంగానే ఇస్తారు. ఇంకా లోపలికి పోవాలంటే డెలోర్మ్ వాళ్ళ అట్లాసు అండ్ గెజటీర్ అని ఉంటుంది. 1976లో మెయిన్ రాష్ట్రంతో మొదలెట్టారు, 2016లో ఆ కంపెనీని గార్మిన్ కొనేసింది. జీపీఎస్ అమ్ముకునే కంపెనీ కొన్నాక కూడా ఆ కాగితం అట్లాసులు వేస్తూనే ఉంది. దాన్లో మట్టిరోడ్డు వేరు, తారురోడ్డు వేరు, కొండ ఎత్తు చూపించే గీతలు వేరు.

2012 అక్టోబరులో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు, మాది భోగాపురం. ఆకులు రంగులు మారే రోజులు కదా అని బ్లూరిడ్జ్ పార్క్‌వే మీద లిన్‌విల్ జలపాతం చూపించడానికి బయల్దేరాం. దారంతా నాన్న నా ఫోను వంకే చూస్తున్నాడు. ఒక గంటయ్యాక అడిగాడు.

"ఏట్రా ఇది? ఒక్క నీలం గీతేనా? మిగతా దేశం ఎక్కడుందిరా?"

ఇన్నేళ్ళుగా నేను చెప్పాలనుకుంటున్నదంతా ఆ మాటలో ఉంది. ఆ నీలం గీత మీకోసం గీసింది. మీరు వెళ్ళని రోడ్డు దానికి అనవసరం. పటం ఎవరికోసమూ గీసింది కాదు కాబట్టే అందులో అన్నీ ఉంటాయి.

సీటు వెనక సంచీలోంచి డెలోర్మ్ అట్లాసు తీసి ఇచ్చాను. ఇంక ఆయన లోకం ఆయనది. కళ్ళజోడు పైకెత్తి, "ఉత్తరం ఎటు? స్కేలెంత?" అని రెండే ప్రశ్నలు. ఉత్తరం ఎటో తెలీకుండా పటం ముట్టుకోకూడదని ఆయనకో మడి. జలపాతం చూసి మధ్యాహ్నం మూడింటికి తిరిగి బయల్దేరితే అక్కడ సిగ్నలు లేదు. ఫోను అంతకుముందే లెక్కేసి పెట్టుకున్న దారి పార్క్‌వే కాకుండా దక్షిణంగా ఓల్డ్ 105 మీంచి జేమ్స్ సరస్సు వైపు చూపిస్తోంది. చూడ్డానికి తిన్నగా ఉంది, దగ్గర కూడా.

"అటొద్దురా" అన్నాడు నాన్న. "ఇది మట్టిరోడ్డు. చూడు, గీత వేరేగా ఉంది. పైగా ఈ ఎత్తు గీతలు ఎలగ ఇరుక్కుపోయున్నాయో చూడు, పక్కనే పెద్ద లోయ. కొండ నెత్తి మీంచే ఎల్తాది మొత్తం. తూర్పుకెళ్ళి ఈ 181 పట్టుకో, తిన్నగా మోర్గన్‌టన్‌లో దింపేస్తాది. అక్కడ మీ పెద్ద రోడ్డు 40 తగుల్తాది."

ఆయన ఆ రాష్ట్రానికొచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. ఓల్డ్ 105 అనేది లిన్‌విల్ లోయ పడమటి అంచు మీద నడిచే గతుకుల కంకర రోడ్డని, మామూలు కార్లతో పోవద్దని స్థానికులు చెప్తారని నాకు తర్వాత తెలిసింది. మేము 183 మీద తూర్పుకి పోయి 181 దిగి, చీకటి పడేలోపు ఐ-40 ఎక్కేశాం. దారిలో ప్రతి వంతెన దగ్గరా నాన్న ముందే చెప్తున్నాడు, "ఇప్పుడొక గెడ్డ రావాలి" అని. వచ్చేది. పిల్లకి అప్పుడు చిన్న వయసు, తాతకి మంత్రాలొచ్చని అనుకుంది.

ఇంటికొచ్చాక పాత ఇల్లినాయ్ అట్లాసు కూడా చూపించాను. గడులు చూడగానే "ఇది గొలుసుతో కొలిచారు" అన్నాడు. నిజమే. గంటర్ గొలుసు అంటారు, ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే లెక్కల ఆయన 1620 ప్రాంతంలో పెట్టింది. 66 అడుగులు, 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన ఊళ్ళలో సెంటు భూమి అంటాం చూడండి, అది వెయ్యి చదరపు లింకులు. ఇల్లినాయ్ మొక్కజొన్న చేలూ, మద్రాసు ప్రెసిడెన్సీ సర్వే చేసిన మా జీడితోటలూ ఒకే గొలుసుతో కొలిచారన్నమాట. నాన్న ఉద్యోగంలో చేరినప్పుడు గొలుసు మోయించింది కూడా అదే కొలత. ఆ రాత్రి ఆయన భోజనం చేస్తూ కూడా ఆ అట్లాసు వదల్లేదు. అమ్మ విసుక్కుంది, అది మామూలే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కాగితం ఉన్నంత మాత్రాన గండం గట్టెక్కదు. 2006 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన ఒక కుటుంబం ఆరెగాన్‌లో సముద్రం వైపు వెళ్తూ బేర్ క్యాంప్ రోడ్డు ప్రాంతంలో మంచులో చిక్కుకుపోయింది. సాయం కోసం నడిచి వెళ్ళిన తండ్రి చనిపోయాడు. ఆయన కూడా మన రంగానికి దగ్గరివాడే, టెక్నాలజీ వార్తలు రాసేవాడు. వాళ్ళు చూసుకున్నది కాగితం మ్యాపే, దాని మీద ఒక మూల అన్ని రోడ్లూ వెళ్ళదగ్గవి కావు, వాతావరణం కనుక్కోండి అనే అర్థం వచ్చే హెచ్చరిక కూడా ఉంది. మూల ఉన్న చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? అందుకే మ్యాపు కొనడం వేరు, చదవడం వేరు అని మొత్తుకోవడం. ఇంకోవైపు చూస్తే 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ఫోను చూపించిన దారిలో వెళ్తూ, సగం తెగిపోయి ఉన్న వంతెన మీంచి కారు రామగంగలో పడి ముగ్గురు పోయారు. అక్కడ అడ్డంగా నాలుగు రాళ్ళు పెట్టని వాళ్ళది అసలు తప్పు అంటాను నేను. ఫోనుకి వంతెన కూలిన సంగతి తెలీకపోవచ్చు, కాగితానికి అసలే తెలీదు. నా వాదన కాగితానికి అన్నీ తెలుసని కాదు. చేతిలో పటం ఉన్న మనిషి "నాకు తెలీదు, ఇంకో దారి చూద్దాం" అనగలడు. ఇంకో దారి ఉందని వాడి కళ్ళకి కనపడుతోంది కాబట్టి.

ఇందాక పనుందన్నాను కదా. 2024 సెప్టెంబరు 27న హెలీన్ తుఫాను నార్త్ కరొలైనా పడమటి కొండల్ని ఊడ్చేసింది. పిజన్ నది పక్కన ఐ-40లో ఒక వైపు రోడ్డు నదిలోకి జారిపోయింది. పడమటి జిల్లాల్లో రోడ్లన్నీ మూసేసినట్టే అనుకోండని రాష్ట్ర రవాణా శాఖ ప్రకటించింది. సెల్ టవర్లు పడిపోయాయి, చాలాచోట్ల రోజుల తరబడి ఫోన్లు లేవు. తర్వాత రెండు వారాలకి మా కాలనీ తెలుగువాళ్ళం నాలుగిళ్ళ వాళ్ళం కలిసి నీళ్ళ సీసాలు, డైపర్లు, బ్యాటరీలు వేసుకుని రెండు బళ్ళలో మారియన్ దాకా వెళ్ళాం. అక్కడ ఒక గోదాములో సామాన్లు పంచుతున్నారు. గోడకి కౌంటీ మ్యాపు ఒకటి అంటించి ఉంది, మనిషంత ఎత్తు. దాని మీద ఎర్ర మార్కరుతో కొట్టేసిన వంతెనలు, ఆకుపచ్చ మార్కరుతో తెరిచిన రోడ్లు, పసుపు చీటీల మీద "ఇక్కడ ముసలావిడ, ఇన్సులిన్ కావాలి" లాంటివి. కొండ మీంచి దిగొచ్చిన ప్రతి మనిషీ తిన్నగా ఆ గోడ దగ్గరికే వచ్చి ఒక గీత చేర్చి పోతున్నాడు. ఎవరింటికి ఎలా వెళ్ళాలో మాట్లాడుకుంటున్నది ఆ నాలుగంకెల ఎస్సార్ నంబర్లతోనే.

మా వాళ్ళలో పాతికేళ్ళ కుర్రాడొకడు ఉన్నాడు, పెద్ద కంపెనీలో క్లౌడు ఇంజినీరు. సామాన్లు ఒకచోటికి చేర్చమని అట్లాసు పేజీ చింపి చేతికిచ్చారు. వాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "అన్నా, ఇందులో మనం ఎక్కడున్నాం?" అని అడిగాడు. నవ్వులాట కాదండీ. తెలివైన కుర్రాడు, నాకంటే చాలా తెలివైనవాడు. కాగితం మీద కదిలే నీలం చుక్క ఉండదని, ఆ చుక్క తనే పెట్టుకోవాలని వాడికి ఆ రోజు దాకా పని పడలేదంతే. పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాను, సూర్యుడు ఎటున్నాడు, ఏ వాగు దాటాం, ఏ నంబరు బోర్డు చూశాం అని. సాయంత్రానికి వాడే నాకు దారి చెప్తున్నాడు. పది నిమిషాల విద్య! దీన్ని మనం పిల్లలకి ఎందుకు చెప్పట్లేదన్నది నా గొడవ. ఈ రాష్ట్రంలో పదిహేనేళ్ళకే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. డ్రైవింగు నేర్పే క్లాసులో సమాంతరంగా పార్కు చెయ్యడం నేర్పుతారు, ఉత్తరం ఎటో నేర్పరు. మా అమ్మాయికి కారు తాళం ఇచ్చే ముందు నేను పెట్టిన షరతు ఒకటే, ఫోను డిక్కీలో పెట్టి, అట్లాసు చూసుకుంటూ, పార్క్‌వే నుంచి ఇంటిదాకా పల్లెరోడ్ల మీద తీసుకురావాలి. పక్కన నేను నోరు మూసుకు కూర్చుంటాను. (ఈ రెండోదే కష్టమైంది.)

లండన్ టాక్సీవాళ్ళ మీద 2000 సంవత్సరంలో వచ్చిన పరిశోధన చాలామంది వినే ఉంటారు. పాతిక వేల వీధులు బట్టీ పట్టినవాళ్ళ మెదడులో, దారులు గుర్తుపెట్టుకునే భాగం వెనకవైపు మామూలు వాళ్ళ కంటే పెద్దదిగా ఉందని తేలింది. మనకి టాక్సీ లైసెన్సు అక్కర్లేదు, మన అవసరం చాలా చిన్నది.

ఇప్పుడు మా ఊరి సంగతి. వింత ఏంటంటే, పటం చదవడం నేను అమెరికా వచ్చాకే నేర్చుకున్నాను, సర్వేయరు కొడుకునై ఉండి కూడా. ఎందుకంటే మా ఇంట్లో ఉన్నవి పొలాల పటాలు, రోడ్ల పటాలు కావు. పటం చూసుకుని ఊరికి పోవడం అనేది మా వైపు లేనే లేదు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ వివరమైన షీట్లలో సముద్రతీరం వెంబడి ఉన్నవి మామూలు జనానికి చిక్కేవి కావు, రక్షణ కారణాలు. 2005లో జాతీయ మ్యాపు విధానం వచ్చి అందరికీ ఇచ్చే షీట్లు వేరే చేశారు, 2017లో ఆధార్ ఉంటే ఆన్‌లైన్‌లో దించుకోవచ్చన్నారు, 2021 ఫిబ్రవరిలో నిబంధనలు బాగా సడలించారు. అప్పటికి అందరి జేబుల్లోకీ ఫోనొచ్చేసింది. అంటే మనవాళ్ళలో చాలామంది పటం అనే మెట్టు ఎక్కకుండానే నీలం చుక్క మెట్టుకి గెంతేశారు.

పటం లేకపోతే మరి జనం తిరగలేదా అంటే, భేషుగ్గా తిరిగారు. దారి అడిగేవారు. నాతవలస జంక్షన్లో దిగి ఫలానా ఊరెటు అంటే, ముందు "ఎవరి తాలూకా బాబూ?" అని మనని అడుగుతారు. అది చెప్పాక అప్పుడు దారి. "ఆ రావిసెట్టు కాడ ఎడం సేతికి తిరిగీసి, సెరువు గట్టు మీంచి తిన్నగా ఎలిపోండి." ఎంత దూరం? "ఎంతో నేదు బాబూ, సుట్ట కాల్సీలోగా ఎలిపోతారు." మా వైపు ఊళ్ళ పేర్లలో వలసలు ఎన్నో! తగరపువలస, నాతవలస, గూడెపువలస... ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళుంటాయి, రావివలస అంటే ఏ రావివలస అని అడగాల్సిందే. ఎవరో ఎక్కడినుంచో వలసొచ్చి ఆగిన చోటల్లా ఊరయ్యింది. ఫోను ఈ పేర్ల దగ్గర తడబడుతుంది. చెరువు గట్టు మీద ముసలాయన తడబడడు.

కాకపోతే ఆ ముసలాయన చెప్పే గుర్తులు ఇప్పుడు లేవు. అల్లూరి సీతారామరాజు పేరుతో విమానాశ్రయం వస్తోంది కదా. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. సుమారు 2,200 ఎకరాలు, 3.8 కిలోమీటర్ల రన్‌వే. నేను దానికి వ్యతిరేకిని కాను. రాలీ నుంచి మూడు విమానాలు మారి వచ్చేవాణ్ణి, ఇంటి పక్కనే దిగుతానంటే చేదా? కానీ ఆ నేలలో మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అని నాలుగు చిన్న ఊళ్ళుండేవి. వాళ్ళని పోలిపల్లి వైపు, గూడెపువలస వైపు కాలనీల్లోకి తరలించారు. ఊరితోపాటు ఊరి దారులు కూడా పోయాయి. జీడితోటల్లోంచి, సరుగుడు తోపుల్లోంచి ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పోయే బళ్ళ తోవలవి. ఫోనులో మ్యాపు ఎప్పటికప్పుడు కొత్తది, అదే దాని గొప్ప. పాతది ఏమయ్యిందని అడిగితే దాని దగ్గర జవాబు లేదు. కాగితం పటం పాతబడుతుంది, అదే దాని లోపం అంటారు. నాకు మాత్రం ఇక్కడ ఆ లోపంతోనే పని పడింది.

న్యూయార్క్ రాష్ట్రంలో అగ్లో అని ఒక ఊరి కథ ఉంది. 1930లలో ఒక మ్యాపుల కంపెనీ వాళ్ళు, తమ పటాన్ని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి, లేని ఊరొకటి రెండు మట్టిరోడ్లు కలిసే చోట వేశారు. కొన్నాళ్ళకి ఎవరో అక్కడ కొట్టు పెట్టుకుని, మ్యాపులో ఉన్న పేరే కదా అని అగ్లో జనరల్ స్టోర్ అని బోర్డు తగిలించారు. లేని ఊరు కాగితం మీంచి నేల మీదకి దిగిందన్నమాట. మా దగ్గర జరిగింది దీనికి తిరగేసినది.

అమెరికా సైన్యం వాళ్ళు 1950లలో వేసిన ఇండియా పటాలు టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాళ్ళు స్కాన్ చేసి నెట్లో పెట్టారు, యూ502 వరస అంటారు. సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. మా తీరం ఉన్న షీటు అక్కడే దొరికింది, గోస్తనీ, చంపావతి రెండు ఏళ్ళ మధ్య ముక్క. మా సొంత జిల్లా పటం ఇంకొకళ్ళ సైన్యం వేసింది, ఇంకొకళ్ళ లైబ్రరీలో! ఆ ముక్కని నాలుగింతలు పెద్దది చేయించి ప్రింటు తీసి, పోయినసారి ఊరెళ్ళినప్పుడు నాన్న ముందు పరిచాను. ఆయనకి ఇప్పుడు చూపు తగ్గింది, చెయ్యి మాత్రం వణకదు. స్కేలు, పెన్సిలు అడిగి తెప్పించుకుని, ముందు నాలుగు ఊళ్ళూ చుక్కలు పెట్టాడు. తర్వాత చెరువులు. తర్వాత తోవలు, చుక్కల గీతలతో. మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కో పేరూ తెలుగులో కూడబలుక్కుంటూ రాసింది. మధ్యలో ఫోను తీసి చూసి, "తాతా, ఇక్కడ ఇప్పుడు రన్‌వే ఉంది" అంది. "ఉండనీ, దాన్నీ గియ్యి. రంగు మార్చి గియ్యి" అన్నాడు.

రెండు కాపీలు తీయించాను. ఒకటి తనతో తెచ్చుకుని మా అమ్మాయి గోడకి పెట్టుకుంది. రెండోది నాన్న దగ్గరే ఉంది, ఇంకా ఏవో కలుపుతూనే ఉన్నాడు. మొన్న ఆదివారం ఫోను చేసి, ముక్కాం వైపు ఒక గెడ్డ గియ్యడం వదిలేశాం, పిల్లకి చెప్పు, గోడ మీదున్న దాన్లో కూడా వెయ్యమను అన్నాడు. ఎక్కడ వెయ్యాలి నాన్నా అంటే, "కొలతలు చెప్తాను, రాసుకో" అని మొదలుపెట్టాడు.